ఉప్పు లేని తునకలు

ఆనందమ్మకు కుక్కలంటే ఇష్టమూ లేదు, భయమూ లేదు. వాటి గురించి ఆలోచించే తీరిక ఎప్పుడూ చిక్కలేదు, అంతే. పొద్దున పూట న్యూజిలాండ్ దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానాలు చేయించేది, బట్టలు తొడిగేది, మందులు మింగించేది. మధ్యాహ్నం నుంచి వృద్ధులుండే రెస్ట్ హోమ్‌లో అదే పని. నడుమ దొరికిన కాస్త సమయంలో ఏదో ఒక వీధి పక్కన కారు ఆపుకుని డబ్బాలో అన్నం తినేది. హీటర్ వేస్తే కునుకు పడుతుందని చలిలోనే తినేది.

గుంటూరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసిన మనిషి ఆమె. న్యూజిలాండ్‌లో మళ్లీ నర్సు కావాలంటే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. మాట్లాడటంలో గట్టెక్కింది, చదవడంలో గట్టెక్కింది, రాయడంలో మాత్రం ప్రతిసారీ కొద్దిలో తప్పేది. చివరికి ఇక రాయనని చెప్పి పుస్తకాలన్నీ అట్టపెట్టెలోకి సర్దేసి, కేర్‌గివర్‌గానే ఉండిపోయింది.

భర్త దేవపాల్ ఒకప్పుడు ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఇక్కడికొచ్చాక ఊరవతల గొర్రెల్నీ పశువుల్నీ కోసి మాంసం ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో పనిచేశాడు. కుడి భుజం పోయేదాకా చేశాడు. ఆపరేషన్ అయినా ఆ చెయ్యి మళ్లీ తల దాకా లేవలేదు. దాంతో ఇంట్లో వంట ఆయన పాలైంది. కూతురు లవ్లీ చిన్నప్పుడే వచ్చింది కాబట్టి ఈ ఊరి పిల్లే. ఇప్పుడు పశువుల డాక్టర్ల దగ్గర నర్సుగా పనిచేసే కోర్సు చదువుతోంది. "మనుషుల నర్సింగ్ నిన్ను చూసి చాలనిపించింది మమ్మీ. నాకు యానిమల్సే బెటర్" అంది చేరేటప్పుడు. ఆనందమ్మ కాదనలేదు. ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు ఆమెకు.

2015 చలికాలంలో ఆమె పొద్దుటి ఇళ్ల వరసలోకి నోలా అనే ముసలామె వచ్చి చేరింది. ఎనభై దాటిన మనిషి. భర్త పోయాక పొలం మేనల్లుడికి అప్పగించి ఊళ్లో చిన్న ఇల్లు కొనుక్కుంది. కీళ్లవాతంతో వేళ్లు పక్కకు ఒరిగిపోయాయి. ఆమెతో పాటు పొలం నుంచి వచ్చింది ఒక్క కుక్కే. దాని పేరు టిప్. వయసులో ఉన్నన్నాళ్లూ మొరిగి మొరిగి గొర్రెల మందల్ని కొండలు దించిన పని కుక్క. ఇప్పుడు మూతి తెల్లబడింది, గుండె జబ్బు వచ్చింది, నాలుగడుగులు వేస్తే దగ్గు. రోజుకు రెండు పూటలా మాత్రలు మింగాలి.

ఒక రోజు ఆనందమ్మ వెళ్లేసరికి నోలా వంటగదిలో నిలబడి ఉంది. కూరలు కోసే చెక్క మీద ఎద్దు గుండెకాయ. పక్కన కత్తి. చేతికి చుట్టుకున్న తుండు ఎర్రగా తడిసి ఉంది.

"ఏం చేశారిది?"

"వాడికి ముక్కలు కోద్దామని" అంది నోలా, తప్పు దొరికిన పిల్లలా. "షాపులో కొన్నవి వాంతి చేసుకుంటున్నాడు. రొట్టెలో మాత్ర పెడితే రొట్టె తిని మాత్ర ఊసేస్తాడు. నేను ఆరబెట్టిన మాంసమైతే ముందొక ముక్క, వెనక మాత్ర, ఆ వెంటే ఇంకో ముక్క. ఆశకొద్దీ మింగేస్తాడు. నలభై ఏళ్లుగా మా కుక్కలన్నింటికీ నేనే చేశాను, ఆనంద్. ఇవాళ కత్తి నిలవలేదు."

ఆనందమ్మ గాయం కడిగి కట్టు కట్టింది. కట్టు కడుతూనే, "నేను ఇంటి దగ్గర చేసుకొస్తానులెండి" అనేసింది. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు. కారెక్కాక తిట్టుకుంది. మిగిలింది ఆదివారం మధ్యాహ్నమొక్కటే. దాన్నీ ఒక కుక్కకు రాసిచ్చేసింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, గుండెకాయను ఫ్రీజర్‌లో సగం గట్టిపడనిచ్చి, బల్ల ముందు కూర్చుంది. లవ్లీ పక్కన నిలబడి జాగ్రత్తలు చెప్పింది. "సాల్ట్ వెయ్యకు మమ్మీ. ఆనియన్, గార్లిక్ అస్సలు తగలకూడదు, డాగ్స్‌కి పాయిజన్. ఫ్యాట్ మొత్తం తీసెయ్, లేకపోతే పాడైపోద్ది." చెప్పాల్సింది చెప్పి తన గదిలోకి వెళ్లిపోయింది.

కొవ్వు, నరాలు తీసేశాక ఆనందమ్మ కోయడం మొదలుపెట్టింది. రెండు మూడు కోతల తర్వాత ఆమె ఆలోచన మానేసింది. కత్తి చివరికంటా పోనివ్వకుండా ఆపి, ముక్కను తిప్పి, మళ్లీ వెనక్కి కోసి, మళ్లీ తిప్పి, పిడికెడు కండను మూరెడు పట్టీగా విప్పుతోంది. అలా కోయమని ఎవరూ చెప్పలేదు. ఆమె చేతులకు వచ్చిన తీరు అదొక్కటే.

దేవపాల్ పడక మీద నుంచి లేచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"తునకలా?" అన్నాడు.

"కాదు."

"మరేంది? తునకల కోతేగా అది."

"కుక్కకి. పొద్దున నేను పోయే ముసలామె కుక్కకి."

దేవపాల్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు ఆ పట్టీల వంకే చూశాడు. "ఎన్నేళ్లయిందే మనం తిని" అన్నాడు.

ఎన్నేళ్లయిందో ఇద్దరికీ తెలుసు. వాళ్ల పల్లెలో ఎద్దు మాంసం తెచ్చుకున్న రోజున తినగా మిగిలింది ఇలాగే పట్టీలుగా కోసి, ఉప్పు, పసుపు పట్టించి, పెరట్లో తీగ మీద ఆరేసేవాళ్లు. ఎండిన తునకలు కుండలో దాచుకుంటే కూలి పని దొరకని రోజులకు అదే కూర. పెళ్లయిన కొత్తలో తెనాలిలో కాపురం పెట్టారు. ఇంటి యజమాని రామలింగేశ్వరరావు మంచివాడే. కరెంటు పోతే తన ఇంట్లోంచి లాంతరు తెచ్చిచ్చేవాడు. ఆనందమ్మ తల్లి చూడవచ్చి, తెచ్చిన తునకలు మెత్తబడ్డాయని డాబా మీద గుడ్డ పరిచి ఎండబోసింది. సాయంత్రానికి ఆయన కిందికి దిగివచ్చి, తలుపు బయటే నిలబడి, చాలా మర్యాదగా, వారంలో ఇల్లు ఖాళీ చేయమన్నాడు. అరవలేదు, తిట్టలేదు. "మీరు నర్సమ్మ కదా, నేనింకోలా అనుకున్నాను" అన్నాడు. తల్లి ఆ మూట కట్టుకుని రాత్రి బస్సుకే వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ అద్దె ఇంట్లోనూ ఆనందమ్మ తునకల పేరెత్తలేదు. లవ్లీకి ఆ మాటే తెలియదు.

ఇన్వర్‌కార్గిల్‌లో మాంసం ఎండే ఎండ లేదు. పట్టీల్ని జాలీ మీద పరిచి ఓవెన్ సన్నని వేడిలో పెట్టి, ఆవిరి బయటికి పోయేలా తలుపు సందులో చెక్క గరిటె ఇరికించింది. గంటలు గడిచేకొద్దీ వాసన ఇల్లంతా పాకింది. ఉప్పు లేదు, పసుపు లేదు, అయినా అదే వాసన. దేవపాల్ కిటికీలు తెరవలేదు. ఆమే లేచి తెరిచింది. చల్లగాలి రివ్వున కొట్టింది. పక్క ఫ్లాట్ వాళ్లు ఏమంటారోనని కాసేపు చెవులు రిక్కించి నిలబడింది. ఎవరూ ఏమీ అనలేదు. చీకటి పడ్డాక పక్కింటి కుర్రవాడు చెత్తబుట్ట లాక్కెళుతూ, "మంచి వాసనొస్తోంది" అని మాత్రం అన్నాడు.

మర్నాడు టిప్ మొదటి ముక్క తీసుకున్నప్పుడు వాడి పెదవులు ఆమె వేళ్లకు మెత్తగా తగిలాయి. పళ్లు తగలనివ్వలేదు. రెండో దాని కోసం మాత్ర మింగేశాడు. తర్వాత ఆమె బూటు మీద తల పెట్టుకుని పడుకున్నాడు. కాలు తీస్తే లేస్తాడని ఆమె నోలాకు మేజోళ్లు తొడిగే పని కాస్త ఆలస్యం చేసింది.

ఆ చలికాలమంతా ఆదివారాలు అలాగే పోయాయి. నోలా తన స్నేహితురాలికి చెప్పింది, ఆమె ఇంకొకామెకు చెప్పింది. రెస్ట్ హోమ్‌లో తోటి పనివాళ్లు అడిగారు. కాదనడం ఆనందమ్మకు చేతకాదు. కాదని చెప్పి, ఎందుకో వివరించే ఓపిక లేక సరేననేది. వీధి మూల డెయిరీ, అంటే పాలూ రొట్టే పేపర్లూ అమ్మే కొట్టు, హైదరాబాదు నుంచి వచ్చిన కృష్ణారావు, వేదవతి దంపతులది. వాళ్లకో లాబ్రడార్ కుక్క ఉంది. పేరు బంటి. నోలా స్నేహితురాలి ద్వారా ఒక పొట్లం వేదవతి చేతికీ చేరింది.

ఆ తర్వాత వేదవతి రెండు వారాలకోసారి తలుపు తట్టేది.

"ఆనందమ్మగారూ, ఏమనుకోకండి. మా బంటిగాడు మీరు చేసిందే తింటున్నడు. వేరేది మూతి కూడ పెడతలేడు."

"లోపలికి రండి, టీ తాగుదురుగాని."

"అయ్యో వద్దండీ, కొట్ల ఆయనొక్కడే ఉన్నడు. మళ్ల వస్త."

మళ్లీ వచ్చినప్పుడూ గుమ్మం బయటే. పొట్లం తీసుకుని, మాంసం తగలకుండా అంచు పట్టుకుని వెళ్లేది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆనందమ్మకు దారులు చూపించింది ఆమే. లవ్లీని మొదటి రోజు స్కూల్లో దింపిందీ ఆమే. ఇన్నేళ్లలో ఈ ఇంట్లో మంచినీళ్లు మాత్రం ముట్టలేదు. ఆనందమ్మకు అది కోపం తెప్పించే వయసు దాటిపోయింది. తలుపు వేసుకుని వచ్చి కత్తి కడుక్కునేది.

వసంతం మొదట్లో నోలాకు పక్షవాతం వచ్చింది. పొద్దున ఆనందమ్మ వెళ్లేసరికి మంచం పక్కన నేల మీద పడి ఉంది. టిప్ ఆమె పక్కనే, వీపు ఆనించి పడుకుని ఉన్నాడు. ఆసుపత్రిలో కొన్నాళ్లుంచి, ఇక ఇంటికి పంపలేమని రెస్ట్ హోమ్‌కు మార్చారు. అది ఆనందమ్మ పనిచేసే హోమే. నోలా ఎడమ వైపు చచ్చుబడింది. మాట ముద్దగా వచ్చేది, కానీ తెలివి ఎక్కడా తగ్గలేదు.

టిప్‌ను మేనల్లుడు గ్రేమ్ పొలానికి తీసుకెళ్లాడు. గొర్రెలు ఈనే కాలం. అతనికి పగలూ రాత్రీ తెలియడం లేదు. కొన్ని రోజులకే వచ్చి నోలా మంచం పక్కన, చేతిలో టోపీ నలుపుతూ కూర్చున్నాడు. ఆనందమ్మ అప్పుడు దుప్పటి మారుస్తోంది.

"వాడు ఏమీ తినడం లేదత్తా. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందంది డాక్టరమ్మ. పడుకోలేడు, నిలబడే ఉంటాడు. మాత్రలతో ఇంకొన్ని వారాలు లాగొచ్చు, కానీ లాగడం వాడి కోసం కాదంది. బుధవారం తీసుకొస్తే సూది వేసి నొప్పి తెలియకుండా పంపించేద్దామంది."

నోలా కుడి చేత్తో ఆనందమ్మ మణికట్టు పట్టుకుంది.

"నువ్వు వెళ్తావా, ఆనంద్? వాడికి ముక్కలు పెడుతూ ఉండు. నేనుంటే నేనే వెళ్లేదాన్ని."

ఆనందమ్మ తలూపింది. ఇంటికొచ్చి దేవపాల్‌కు చెప్పింది.

"మనం తెచ్చుకుందామా?" అన్నాడు ఆయన. "నేను ఇంట్లోనే ఉంటన్నాగా. ఓనర్ని అడిగితే..."

"వాడికి ఊపిరాడటం లేదయ్యా. తెచ్చుకుని ఏం చేస్తాం?"

అది నిజమే. అయినా ఆ మాట అన్నాక ఆమెకు లోపల ఒక ఊరట కలిగింది. ఇంకో ప్రాణాన్ని లేపి, కడిగి, మందులు మింగించే బలం తనలో మిగల్లేదు. ఆ ఊరట చూసుకుని సిగ్గుపడింది. స్నానాలగదిలోకి వెళ్లి కాసేపు కుళాయి విప్పుకుని నిలబడింది.

బుధవారం రెస్ట్ హోమ్‌లో మధ్యాహ్నం పనికి సెలవు పెట్టింది. క్లినిక్‌లో గ్రేమ్ టిప్‌ను రెండు చేతుల మీద మోసుకొచ్చి నేల మీద పరిచిన కంబళి మీద దింపాడు. తాను లోపల ఉండలేనని చెప్పి వ్యాన్ దగ్గరికి వెళ్లిపోయాడు. లవ్లీ అప్పుడు ఆ క్లినిక్‌లోనే పని నేర్చుకుంటోంది. ముంగాలు మీద కొంచెం వెంట్రుకలు గొరిగి, సూది కోసం నరం పట్టుకుని కూర్చుంది. ఆనందమ్మ ఎదురుగా నేల మీద చతికిలబడి డబ్బా మూత తీసింది.

కొన్ని రోజులుగా ఏమీ తినని కుక్క మూతి ఎత్తింది. మొదటి ముక్క తీసుకుంది. నములుతూ ఊపిరి కోసం ఆగింది. మళ్లీ నమిలింది.

"గుడ్ బాయ్" అంది లవ్లీ.

"తిను నాన్నా" అంది ఆనందమ్మ. తెలుగులోనే అంది. "తిను. ఇంకా ఉన్నాయి."

సూది సిద్ధం చేసుకున్న డాక్టరమ్మ, వేయనా అని కళ్లతోనే అడిగింది. ఆనందమ్మ తలూపి ఇంకో ముక్క అందించింది. టిప్ దాన్ని పళ్ల మధ్య పట్టుకున్నాడు. నమలడం నెమ్మదించింది. ఆ తర్వాత తల ఆమె అరచేతిలో బరువుగా వాలింది. ఆమె చాలామంది మనుషుల తలలు అలా పట్టుకుంది. చెయ్యి వెంటనే తీయకూడదని ఆమెకు తెలుసు. తీయలేదు. లవ్లీ మాత్రం నేర్చుకున్నదంతా మరిచి, తల్లి భుజం మీద ముఖం పెట్టి ఏడ్చింది. ఆ పిల్ల అంత దగ్గరగా వచ్చి చాలా కాలమైంది.

మర్నాడు నోలాను కూర్చోబెట్టి ముఖం తుడుస్తూ చెప్పింది. "తింటూనే పోయాడు. నోట్లో ముక్క ఉంది."

"బాగా ఎండిందా ముక్క?" అడిగింది నోలా.

"ఎండింది."

"పచ్చిగా ఉంటే వాడికి పడదు." నోలా కళ్లు మూసుకుంది. పక్కకు వంగిన నోటి చివర నుంచి కారిన తడిని ఆనందమ్మ అద్దింది. తర్వాత నోలా ఎడమ చెయ్యి ఎత్తి చొక్కాలోకి దూర్చింది. ఇంకా ఆరుగురికి స్నానాలు కావాలి.

ఆదివారం ఫ్రిజ్ తీస్తే టిప్ కోసమని తెచ్చిపెట్టిన మాంసం అలాగే ఉంది. ఈసారి గుండెకాయ దొరక్క తెచ్చిన మంచి ఎద్దు కండ. పారేయడానికి మనసొప్పలేదు. బల్ల ముందు కూర్చుని పట్టీలుగా కోసింది. కోసి, లేచి, అలమరలోంచి ఉప్పు డబ్బా, పసుపు డబ్బా తీసింది. దేవపాల్ చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి వచ్చి ఎడమ చేత్తో ఉప్పు పట్టించడంలో సాయం చేశాడు.

ఓవెన్‌లో సాయంత్రం దాకా ఎండాయి. లవ్లీ గదిలోంచి వచ్చి జాలీ చూసింది.

"మమ్మీ, ఇది పసుపా? డాగ్స్‌కి సాల్ట్ వద్దన్నా కదా!"

"కుక్కలకి కాదు. మనకి."

"మనకా?"

దేవపాల్ చెప్పాడు. పెరట్లో తీగ, కుండ, పనులు లేని రోజులు. తెనాలి ఇల్లు కూడా చెప్పాడు. మెకానిక్ బోల్టులు విప్పినంత నిదానంగా, ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతున్నట్టు చెప్పాడు. లవ్లీ తల్లి వైపు తిరిగింది.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావ్? నువ్వు స్కూల్‌కి పోయి చెప్తావని భయం."

"ఇక్కడ స్కూల్లో ఎవరికేంటి మమ్మీ? ఆల్మోస్ట్ అందరూ జెర్కీ తింటారు, ఇలా ఎండబెట్టిన మీటే."

"నాకది తెలియదుగా" అంది ఆనందమ్మ.

లవ్లీ ఒక పట్టీ తుంచి నోట్లో పెట్టుకుంది. దవడలు నొప్పెట్టేదాకా నమిలింది. బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. ఇంకొకటి తుంచుకుంది.

దేవపాల్ మిగిలినవి వేడినీళ్లలో నానబెట్టి, దంచి, సీసాలో ఉన్న గోంగూర పచ్చడి వేసి పొయ్యి మీద పెట్టాడు. అది ఉడుకుతుండగా తలుపు చప్పుడైంది. వేదవతి.

"ఆనందమ్మగారూ, బంటిగానికి అయిపోయినయండీ..."

"ఇక చేయనండీ" అంది ఆనందమ్మ. కాదనడం అంత సులువుగా వస్తుందని ఆమె అనుకోలేదు. "ఓపిక లేదు. టిప్ పోయాడు. మీకు కావాలంటే ఎట్టా చేయాలో చెప్తా."

"అయ్యో. పోయిందా?" వేదవతి నిజంగానే నొచ్చుకుంది. తర్వాత ముక్కు కొద్దిగా ఎగబీల్చి, "ఏదో వండుతున్నరు" అంది.

"తునకలు. ఎద్దు మాంసం ఎండబెట్టి చేస్తాం. మా అమ్మవాళ్ల కూర."

వేదవతి గుమ్మంలో అలాగే నిలబడింది. పమిట అంచు సర్దుకుంది. "గోంగూర వాసనొస్తుంది" అంది చివరికి.

"గోంగూరే వేశాం."

"ఇక్కడ గోంగూర దొరుకుతలేదు గద. పచ్చడి సీసాదా?"

"సీసాదే."

మర్యాద కోసం అడిగిందో, తెలుసుకోవాలనే అడిగిందో ఆనందమ్మకు తెలియలేదు. తెలుసుకునే శక్తీ ఆ పూట ఆమెలో లేదు. లోపలికి రమ్మని పిలవలేదు. అలాగని తలుపు దగ్గరికీ వేయలేదు. వేదవతి ఇంకో నిమిషం నిలబడి, బంటి గురించి ఏదో చెప్పి, మెట్లు దిగి వెళ్లింది.

ముగ్గురూ తిన్నారు. దేవపాల్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. లవ్లీ ఎక్కువ మాట్లాడకుండా తిని, ప్లేట్లు తనే కడిగింది. ఆనందమ్మ కుర్చీలోంచి లేవలేదు. కడుపు నిండి, కాళ్లు బరువెక్కి, కూర్చున్న చోటే కళ్లు మూతలు పడ్డాయి. కిటికీలు మూసే ఉన్నాయి. పొద్దున్నే లేవాలి అనుకుంటూనే నిద్రపోయింది.